పాత ప్రిన్సిపల్ కోపం, కొత్త ఉద్యోగం

ప్రవాస కొలువులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తెనాలి. పెళ్ళయ్యాక షార్జా వచ్చాను. ఇక్కడ ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో నాలుగేళ్ళు పదకొండు, పన్నెండు తరగతులకు కెమిస్ట్రీ చెప్పాను. కిందటి నవంబరులో నాన్నకు పక్షవాతం వచ్చింది. ఇంటికి నేనొక్కదాన్నే కూతుర్ని. నెల రోజులు సెలవు అడిగితే ప్రీబోర్డు పరీక్షల ముందు కుదరదన్నారు. రాజీనామా ఇచ్చి వారంలో బయల్దేరాను. నోటీసు తక్కువైందని సెటిల్‌మెంట్‌లో జీతం పట్టుకున్నారు. లేబర్ కార్డ్ రద్దు చేశారు. నాన్న కాస్త లేచి తిరుగుతున్నాక వేసవిలో తిరిగొచ్చాను. అప్పట్నుంచి మూడు స్కూళ్ళలో డెమో క్లాసు బాగా జరిగింది, జీతం దాకా మాట్లాడారు, ఆ తర్వాత ఫోన్ లేదు. మూడోచోట హెచ్‌ఆర్ అమ్మాయి "మీ పాత ప్రిన్సిపల్ మంచిగా చెప్పలేదు మేడమ్" అంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆ స్కూలు పేరు బయోడేటాలోంచి తీసేయనా? నాతో పనిచేసిన స్నేహితురాలి నంబరు సూపర్‌వైజర్‌దని ఇచ్చెయ్యమని మావారు అంటున్నారు. ఆ ప్రిన్సిపల్ మీద కేసు పెట్టొచ్చా? నా మీద బ్యాన్ ఏమైనా పడిందా?
– పేరు వద్దు, షార్జా

జవాబు: బ్యాన్, అంటే మళ్ళీ ఇక్కడ పని చేయనివ్వని నిషేధం, ఆ సంగతి ముందు తేల్చేద్దాం అమ్మా. గల్ఫ్‌లో మనవాళ్ళ నిద్ర చెడగొట్టే మాట అదే. చెప్పకుండా మాయమైన మనిషి మీద యజమాని కార్మికుల వ్యవహారాలు చూసే మానవ వనరుల శాఖకు రిపోర్టు ఇస్తాడు, బ్యాన్ భయం అక్కడిది. మీరు రాజీనామా ఇచ్చారు, సెటిల్‌మెంట్ మీద సంతకం పెట్టారు, వాళ్ళే లేబర్ కార్డ్ రద్దు చేశారు, కాబట్టి మీరు మాయమైనవాళ్ళ లెక్కలోకి రారు. ప్రొబేషన్ మధ్యలో దేశం విడిచి వెళ్ళిపోయేవాళ్ళకు వేరే నియమాలున్నాయి, నాలుగేళ్ళు పనిచేసిన మీకు అవి వర్తించవు. ఇంకా అనుమానం ఉంటే మానవ వనరుల శాఖ సేవా కేంద్రానికి ఎమిరేట్స్ ఐడీ పట్టుకుని వెళ్ళి అడగండి. ప్రిన్సిపల్ గారి కోపం వేరు, ప్రభుత్వం బ్యాన్ వేరు.

నోటీసు సంగతీ అంతే. యూఏఈలో ఇప్పుడున్న కార్మిక చట్టం 2021 నాటిది, 33వ నంబరు. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నోటీసు 30 రోజులకు తగ్గదు, 90 రోజులకు మించదు. పూర్తిగా ఇవ్వలేనివాళ్ళు మిగిలిన రోజుల జీతం ఇచ్చుకోవాలి. మీ దగ్గర పట్టుకున్నది అదే. అంటే స్కూలుకు మీరు బాకీ లేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూలో అక్కరకొస్తుంది.

ఇక రిఫరెన్స్, అంటే పాత స్కూలు మీ గురించి కొత్త స్కూలుకు చెప్పే మాట. నేను గల్ఫ్ స్కూళ్ళలో టీచరుగా ఎంతకాలం చేశానో, వైస్ ప్రిన్సిపల్‌గా ఈ రిఫరెన్స్ ఫోన్లు చేసే కుర్చీలోనూ దాదాపు అంతకాలం కూర్చున్నాను. కాబట్టి అవతలి గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. ఫారంలో పది ప్రశ్నలున్నా మేం నిజంగా చెవి పెట్టి వినేది రెండింటినే. పిల్లల మధ్య ఈ మనిషిని ఉంచకూడదనడానికి కారణం ఏదైనా తెలుసా? మళ్ళీ అవకాశం వస్తే మీరు తీసుకుంటారా? మొదటిదానికి అవతలివాళ్ళు ఒక్క క్షణం తటపటాయించినా ఆ ఫైలు అక్కడితో మూసేస్తాం. రెండోదానికి "తీసుకోను" అని వస్తే మూసెయ్యం, "ఎందుకండీ?" అని అడుగుతాం. ఒకసారి ఒక ప్రిన్సిపల్ పావుగంట సేపు ఒక టీచర్ని తిట్టారు. విశ్వాసం లేదు, సంవత్సరం మధ్యలో ముంచిపోయింది అని. అంతా విని, బోర్డు ఫలితాలు ఎలా వచ్చేవండీ అన్నాను. "ఫలితాలకేం, బాగానే ఉండేవి" అన్నారు చిరాగ్గా. పిల్లలతో ఇబ్బంది ఏమైనా? "ఛ, అదేం లేదు." ఆ అమ్మాయిని తీసుకున్నాం. ఆవిడ ఇంటర్వ్యూలోనే మాతో, "మా ప్రిన్సిపల్ నా మీద కోపంగా ఉన్నారు, కారణం ఇదీ" అని చెప్పేసింది. ఫోన్లో మేం విన్నది మాకు కొత్త కాదు.

మీ విషయంలో మూడుచోట్లా ఆ మాట వాళ్ళకు కొత్తగా తగిలింది. మీరు ఉత్తరంలో రాయకపోయినా ఊహించగలను. "ఎందుకు మానేశారు?" అంటే "ఫ్యామిలీ రీజన్స్ సార్" అని ఊరుకుని ఉంటారు. ఆ తర్వాత ప్రిన్సిపల్ నోట "నవంబరులో పన్నెండో తరగతిని వదిలేసి పోయింది" అని వింటే కొత్త స్కూలుకు మీరేదో దాచారనిపిస్తుంది. ఆయన వైపు నుంచి కూడా ఒక్క నిమిషం చూడండి. జనవరిలో ప్రాక్టికల్స్, అంతకుముందు ప్రీబోర్డు. అంత దూరంలో నవంబరులో కెమిస్ట్రీ టీచర్ని ఎక్కణ్ణుంచి తెస్తారు? తల్లిదండ్రులు ఆఫీసు ముందు నిలబడితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. మీకు సెలవు ఇవ్వకపోవడం కఠినమే, నా మట్టుకు నేనైతే ఇచ్చేదాన్ని. కానీ ఆయన కోపానికి కారణం లేదని మాత్రం అనను.

కాబట్టి వాళ్ళు ఫోన్ చేసేలోపు మీరే చెప్పండి. ఒక నిమిషం చాలు, అంతకు మించితే సంజాయిషీ అయిపోతుంది. ఇలా అనండి: "నాన్నగారికి పక్షవాతం వచ్చింది, ఒక్కదాన్నే కూతుర్ని. సెలవు దొరకలేదు, రాజీనామా చేశాను. నోటీసు పూర్తి చేయలేదు, దానికి జీతం చెల్లించాను. సిలబస్ ఫలానా పాఠం దాకా అప్పగించి వెళ్ళాను. మా ప్రిన్సిపల్ గారికి ఇబ్బంది కలిగింది, మీరు అడిగితే ఆ మాట చెప్తారు. ఇప్పుడు నాన్నగారు బాగున్నారు, చూసుకోవడానికి మనిషి ఉన్నారు." చివరి వాక్యం మర్చిపోవద్దు. కొత్త ప్రిన్సిపల్ నోరు తెరిచి అడగకపోయినా, వచ్చే నవంబరులో మళ్ళీ వెళ్ళిపోతారేమోనన్నదే ఆయన భయం. పాత ప్రిన్సిపల్ని ఒక్క మాట కూడా అనకండి. అంటే రేపు తమ గురించీ ఇలాగే చెప్తారని అనుకుంటారు.

బయోడేటాలోంచి స్కూలు పేరు తీసేయడం కుదరదు. నాలుగేళ్ళ ఖాళీని ఏం చెప్పి పూడుస్తారు? బోర్డు తరగతులు చెప్పిన అనుభవమంతా అక్కడిదే కదా. పైగా పిల్లల భద్రత నియమాలు గట్టిగా పాటించే స్కూళ్ళు, ముఖ్యంగా బ్రిటిష్ కరికులమ్‌వి, ఉద్యోగాల మధ్య ఖాళీలకు ఒక్కొక్కదానికీ కారణం అడుగుతాయి. ఇంగ్లండులో స్కూళ్ళకు ప్రభుత్వమే ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. "ఎవరికి సంబంధించునో వారికి" అని రాసిన ఉత్తరం పట్టుకొస్తే చాలదు, పాత యజమాని నుంచి నేరుగా తెప్పించుకోవాలని అందులో ఉంది. గల్ఫ్‌లో చాలా బ్రిటిష్ స్కూళ్ళు ఆ పద్ధతే పాటిస్తాయి.

మీవారి ఉపాయం ప్రేమతో చెప్పిందే, కానీ పొరపాటున కూడా చెయ్యకండి. చాలా స్కూళ్ళు రిఫరెన్స్ ఫారం స్కూలు పేరుతో ఉండే ఈమెయిల్‌కే పంపుతాయి, జీమెయిల్ ఇస్తే ఒప్పుకోవు. హోదా నిజమో కాదో స్కూలు ఆఫీసుకి ఒక ఫోన్ కొడితే తెలిసిపోతుంది. మీమీద ఇప్పుడున్న మాట "మధ్యలో వెళ్ళిపోయింది" అనేది ఒక్కటే. దొంగ రిఫరెన్స్ దొరికితే పడే మాట దానికంటే చాలా పెద్దది. షార్జా, అజ్మాన్, దుబాయ్ ఇండియన్ స్కూళ్ళ ప్రిన్సిపల్స్‌లో చాలామంది ఒకరికొకరు తెలుసు.

నిజమైన దారి ఉండగా దొంగదారి ఎందుకు? మీ హెచ్‌ఓడీ (సబ్జెక్టు విభాగం హెడ్) గానీ, అప్పటి సెక్షన్ సూపర్‌వైజర్ గానీ ఇప్పుడు వేరే స్కూలుకి మారి ఉండొచ్చు. ఇక్కడ ఎవరూ ఒకేచోట పదేళ్ళు కదలకుండా కూర్చోరు. వాళ్ళను ముందు అడిగి, ఒప్పుకుంటే ఇప్పటి స్కూలు ఈమెయిల్ ఇవ్వండి. పక్కన "అప్పట్లో నా హెచ్‌ఓడీ" అని ఉన్నదున్నట్టు రాయండి. ప్రిన్సిపల్ పేరు కూడా జాబితాలో ఉంచండి. తీసేస్తే ఆయనకే ముందు ఫోన్ చేస్తారు, నేనైతే అలాగే చేసేదాన్ని. మీ క్లాసు అబ్జర్వేషన్ రిపోర్టులు, మీ సబ్జెక్టు బోర్డు ఫలితాల విశ్లేషణ, వెళ్ళేటప్పుడు మీరు పంపిన హ్యాండోవర్ మెయిల్, తల్లిదండ్రులు రాసిన కృతజ్ఞతల మెయిల్స్ ఒక ఫైల్లో పెట్టుకోండి. పిల్లల పేర్లు, మార్కులు కనబడకుండా చూసుకోండి.

కాగితం రూపంలో మీకు హక్కుగా రావలసింది ఒకటుంది. ఇందాక చెప్పిన చట్టంలోనే 13వ అధికరణ చూడండి. ఉద్యోగి అడిగితే యజమాని డబ్బు తీసుకోకుండా అనుభవ ధ్రువపత్రం ఇవ్వాలి. చేరిన తేదీ, మానిన తేదీ, మొత్తం సర్వీసు, హోదా, చివరి జీతం, మానడానికి కారణం అందులో ఉండాలి. పేరు చెడగొట్టేది గానీ, ఉద్యోగావకాశాలు తగ్గించేది గానీ రాయకూడదు. మీరు తీసుకున్నారో లేదో ఉత్తరంలో రాయలేదు. తీసుకోకపోతే హెచ్‌ఆర్‌కి ఈరోజే మెయిల్ పెట్టండి. ఇవ్వకపోతే మానవ వనరుల శాఖలో ఫిర్యాదు చేయొచ్చు. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండేళ్ళ లోపు మీ హక్కుల కోసం అడగవచ్చు కాబట్టి, మీకింకా గడువుంది.

ఫోన్లో అన్న మాట మీద కేసు పెట్టడం మాత్రం వద్దు. ఆయన ఏమన్నారో మీకు ఆ హెచ్‌ఆర్ అమ్మాయి చెబితే తెలిసింది. ఆ అమ్మాయి సాక్ష్యానికి వస్తుందా? తన ఉద్యోగం పోగొట్టుకుంటుందా? ఎవరిచేతో స్కూలు వాళ్ళలా ఫోన్ చేయించి రికార్డు చేద్దామనే ఆలోచన గానీ వస్తే అక్కడే ఆపండి. యూఏఈలో అవతలివాళ్ళ అనుమతి లేకుండా సంభాషణ రికార్డు చేయడం నేరం. ఆన్‌లైన్‌లో, వాట్సాప్‌లో మనిషిని దూషించడం కూడా 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద శిక్షపడే నేరమే. తెలుగు టీచర్ల గ్రూపుల్లో "ఆ స్కూల్లో చేరకండి, ఆ ప్రిన్సిపల్ ఇలాంటివాడు" అని రాసేవాళ్ళను చూస్తుంటే నాకు గుండె దడ. మీరు రాసి ఉంటే చెరిపేయండి.

దానికి బదులు ఆయనకే నాలుగు వాక్యాల మెయిల్ రాయండి. అప్పుడు ఇబ్బంది కలిగిందని మీకూ తెలుసని, నాన్నగారు కోలుకున్నారని, ఉద్యోగం వెతుకుతున్నానని, మీ గురించి అడిగితే చేరిన, మానిన తేదీలు, బోధించిన తరగతులు, ఫలితాలు చెబితే చాలని. అందులో చట్టం పేరెత్తకండి, చట్టం హెచ్‌ఆర్‌కి రాసే మెయిల్లో ఉంటే సరిపోతుంది. మనవాళ్ళకు ఇంకో అలవాటుంది, పెద్దమనిషిని పట్టుకుని చెప్పించడం. అసోసియేషన్ సెక్రటరీ గారో, ఆయనకు తెలిసిన డాక్టరు గారో ఫోన్ చేసి "మా అమ్మాయండీ, కాస్త చూడండి" అంటే చల్లారుతున్న కోపం మళ్ళీ రాజుకుంటుంది. ఆయన జవాబివ్వకపోవచ్చు కూడా. అయినా నాలుగు రోజులు పోయాక కొత్త స్కూలు నుంచి ఫోన్ వస్తే ఆయన గొంతు కాస్త మెత్తబడుతుంది, నేను చాలాసార్లు చూశాను.

ఇండియన్ స్కూళ్ళకు ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం కాబట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా నియామకాలు జోరుగా ఉంటాయి. మీవారి వీసా మీద ఉన్నారు గనక స్కూలు వర్క్ పర్మిట్ తీసుకుంటే సరిపోతుంది, వీసా ఖర్చు తగ్గుతుందని వాళ్ళకూ ఇష్టమే. ఆ మాట దరఖాస్తు పైభాగంలోనే కనబడేలా రాయండి.

ప్రశ్న: మాది కర్నూలు. ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఆరేళ్ళుగా ఫిజిక్స్ చెప్తున్నాను. మాల్దీవుల్లో ఒక స్కూలుకి సెలెక్ట్ అయ్యాను. మధ్యలో పోతే ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఇవ్వం, ఎవరైనా అడిగితే మంచిగా చెప్పం అంటున్నారు. పీజీ ఒరిజినల్ కూడా వాళ్ళ దగ్గరే ఉంది. ఏం చేయాలి?
– ఒక లెక్చరర్

జవాబు: చేరేటప్పుడు ఒరిజినల్స్ ఇచ్చేయడం మన దగ్గర ఇంకా పోలేదన్నమాట. బాబూ, అనుభవానికి సాక్ష్యం కాలేజీ ఇచ్చే కాగితం ఒక్కటే కాదు. పీఎఫ్ పట్టి ఉంటే ఈపీఎఫ్‌వో సైట్లో మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు)తో లాగిన్ అయి పాస్‌బుక్ దించుకోండి. సంస్థ పేరు, నెలనెలా జమలు అందులో ఉంటాయి. ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకు యజమాని ఇచ్చే కాగితం) ఉంటే అది, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, అపాయింట్‌మెంట్ ఆర్డరు జతచేసి మాల్దీవుల స్కూలుకు ఇప్పుడే పంపండి. కాలేజీ సర్టిఫికెట్ ఆలస్యమవుతుందని, ఎందుకో కూడా రాయండి. ఒరిజినల్ వెనక్కిమ్మని ప్రిన్సిపల్ పేర రాతపూర్వకంగా అడిగి, అందినట్టు రుజువు ఉంచుకోండి. పదిహేను రోజుల్లో రాకపోతే లాయరు నోటీసు పంపండి. చాలా కాలేజీలు ఆ నోటీసు చూడగానే దిగొస్తాయి. సర్టిఫికెట్ పోయిందని పోలీస్ స్టేషన్లో చెప్పి డూప్లికేట్ తెచ్చుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది ఎక్కడుందో మీకు తెలుసు, మీ దగ్గర చేరేటప్పుడు ఇచ్చిన రసీదు కూడా ఉండి ఉంటుంది. ఆ రసీదే నోటీసుకు మొదటి జత కాగితం. ఒరిజినల్ చేతికొచ్చాకే టికెట్ కొనండి.