బెంచ్ మీద కూర్చోబోతున్న చిట్టికి

చిట్టీ,

నువ్వు ఇంకో సీజన్ బాస్కెట్‌బాల్ ఆడుతున్నావనీ, ఈసారి ఫస్ట్ ఫైవ్‌లో, ఆట మొదలుపెట్టే ఐదుగురిలో, కాకుండా బెంచ్ మీద నుంచి దిగడానికి ఒప్పుకున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్తూ ఏడ్చింది కూడా. "ఇన్నేళ్ళు టీమ్‌ని మోసిన పిల్లని పక్కన కూర్చోబెడతారా అక్కా" అని. దాన్ని గట్టిగానే కోప్పడ్డాను. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

నాకు గర్వంగా ఉందే. 34 ఏళ్ళ వయసులో, చిన్నపిల్ల తల్లివై ఉండి, ఆపరేషన్ అయిన మోకాలితో, అంత పేరు తెచ్చుకున్నాక, "సరే సార్, ఎప్పుడు దిగమంటే అప్పుడు దిగుతా" అనగలిగావు. మా రోజుల్లో పెళ్ళి కుదిరిందంటే బూట్లు అటకెక్కేవి. అనితా పాల్ దురై బిడ్డ పుట్టాక మళ్ళీ ఇండియా జెర్సీ వేసుకుని, 2017లో బెంగళూరులో ఆసియా కప్ డివిజన్ బి గెలిచిన జట్టులో ఆడితే, ఆ పేపర్ కటింగ్ దాచుకున్నాను. అప్పుడు నిన్నే తలుచుకున్నాను.

ఇక భయం సంగతి. నిద్ర, తిండి, ఫిజియో చెప్పిన వ్యాయామాలు, అరిగిన బూట్లు మార్చుకోవడం, ఇవన్నీ నీకు నేను చెప్పక్కర్లేదు. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ పొడిపించుకుని మాత్రం ఆడకు. నేను రాయాలని కూర్చుంది వేరే విషయం. నువ్వు ఇన్నేళ్ళూ 40 నిమిషాల ఆటలో 35 నిమిషాలు కోర్టులోనే ఉన్నదానివి. ఇప్పుడు నీకు పది నిమిషాలిస్తారు. ఆ పది నిమిషాల్లో పాత 35 నిమిషాల ఆటా చూపించేయాలని నీకు బుద్ధి పుడుతుంది. నీకే కాదు, ఒకప్పుడు స్టార్ అనిపించుకున్న ప్రతివాళ్ళకీ పుడుతుంది. ఆ బుద్ధిని నువ్వు కోర్టు బయటే వదిలేసి రావాలి. నా భయమంతా అక్కడే ఉంది.

నేను ఆడిన రోజుల్లో మా టీమ్ కెప్టెన్‌గా ఉన్న అక్క గురించి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. పెళ్ళిళ్ళలో మేం కలిసినప్పుడు ఆవిడ కుంటుతూ నడవడం నువ్వు చూశావు. "చిన్నప్పుడు దెబ్బ తగిలింది" అని అందరికీ చెప్తుంది. చిన్నప్పుడు కాదు, నా కళ్ళ ముందే జరిగింది.

అప్పటికి ఆవిడకి దాదాపు నీ వయసే. మా అందరిలోకీ గొప్ప స్కోరర్. ఎడమ వైపు నుంచి బేస్‌లైన్, అదే రింగ్ వెనకాల గీత, పక్కగా దూసుకెళ్ళి, రింగ్ అవతలి వైపు నుంచి బంతిని వెనక్కి తిప్పి వేసేది, రివర్స్ లేఅప్. ఆ ఒక్క షాట్ చూడ్డానికే జనం వచ్చేవాళ్ళు. ఆ ఏడాది కొత్త కోచ్ వచ్చాడు. ఒక కుర్రపిల్లని ఫస్ట్ ఫైవ్‌లో పెట్టి, ఈవిణ్ణి కూర్చోమన్నాడు. చెప్పాల్సిన పద్ధతిలో చెప్పలేదు, అందరి ముందూ అనేశాడు. అక్క ఒక్క మాట మాట్లాడలేదు. టవల్ భుజాన వేసుకుని వెళ్ళి కూర్చుంది. అదే ఆవిడ కోపం. హాఫ్ టైమ్‌లో మేమంతా షాట్లు వేసుకుంటుంటే లేవలేదు. "అక్కా, రా, కాళ్ళు కదుపు" అని నేను రెండుసార్లు పిలిచాను. నా వైపు చూడనైనా చూడలేదు. డిసెంబర్ రాత్రి అది. ఆరుబయట సిమెంట్ కోర్టు, లైట్ల కింద మంచు దిగుతోంది. ఆట ముప్పాతిక వంతు అయ్యేదాకా అలాగే కదలకుండా కూర్చుంది.

ఆట చివర్లో మేం వెనకబడ్డాం. కోచ్ ఆవిడ వైపు చెయ్యి ఊపాడు. అక్క ట్రాక్ ప్యాంట్ ఒక్క లాగు లాగేసి స్కోరర్స్ టేబుల్ దగ్గరికి నడిచింది. ఆ నడకలోనే నాకు అర్థమైంది. మ్యాచ్ గెలవడానికి వెళ్ళడం లేదు, కోచ్‌కి సమాధానం చెప్పడానికి వెళ్తోంది. లోపలికి వచ్చిన మొదటి బంతికే చేతులు చాచి అడిగింది. నేనే పాస్ ఇచ్చాను. ఎడమ వైపు, ఆవిడ చోటే. ఎదుటి పిల్లని భుజంతో ఒకసారి కదిపి, బేస్‌లైన్ వైపు మొదటి అడుగు వేసింది. ఫట్‌మని చప్పుడైంది. బంతి చప్పుడేమో అనుకున్నాం. అక్క ఆగిపోయి, వెనక్కి తిరిగి, "ఎవరే నన్ను తన్నింది?" అంది. వెనక ఎవరూ లేరు.

మడమ వెనక నరం, అదే అకిలీస్ టెండన్, తెగింది. ఆ నరం తెగినవాళ్ళకి సరిగ్గా అలాగే, ఎవరో వెనక నుంచి తన్నినట్టే ఉంటుందని తర్వాత డాక్టర్ చెప్పాడు. నెలల తరబడి కట్టు. ఆ కాలు మళ్ళీ మామూలు కాలేదు. అంతకంటే బాధేమిటంటే, మళ్ళీ ఎప్పుడూ కోర్టు వైపు రాలేదు. ఆటల మాటెత్తితే లేచి వెళ్ళిపోయేది. మొన్నీమధ్య వాళ్ళ మనవరాలు స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడుతుందని తెలిసి నేను సంబరపడిపోతే, "ఎందుకే దానికి ఆ గొడవంతా" అని మాట మార్చేసింది. అంత ఆట ఆడిన మనిషి!

ఆ కోచ్ తప్పు లేదనను. కానీ ఆ రాత్రి అక్క హాఫ్ టైమ్‌లో లేచి నాలుగు రౌండ్లు తిరిగి, దిగిన తర్వాత ఓ రెండు నిమిషాలు ఊరికే డిఫెన్స్ ఆడి ఉంటే, ఆవిడ ఇవాళ మామూలుగా మెట్లెక్కేది.

నువ్వు వెంటనే అమెరికా స్టార్ కోబీ బ్రయంట్ పేరెత్తుతావు. నాకు తెలుసు, నీ గదిలో ఆ పోస్టర్ ఇంకా ఉంది. 2013 ఏప్రిల్‌లో అతనికీ 34 ఏళ్ళే. అతని టీమ్ లేకర్స్ ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివరి నాకౌట్ దశకి, వెళ్తుందో లేదో అన్న పరిస్థితి. పోర్ట్‌లాండ్ మీద 48 నిమిషాలూ విడవకుండా ఆడి 47 పాయింట్లు వేశాడు. రెండు రోజుల తర్వాత గోల్డెన్ స్టేట్ మ్యాచ్‌లో అదే మడమ నరం తెగింది. తెగిన కాలితో రెండు ఫ్రీ త్రోలు వేసి నడిచి వెళ్ళాడని నువ్వు అందరికీ గొప్పగా చెప్తావే, దాని తర్వాత ఏమైందో కూడా చెప్పు. డిసెంబర్‌లో తిరిగొచ్చి ఆరు మ్యాచ్‌లు ఆడేసరికి మోకాలి ఎముక విరిగింది. ఆ పై ఏడాది భుజం. చివరి మ్యాచ్‌లో 60 పాయింట్లు వేశాడు, నిజమే, 50 షాట్లు ప్రయత్నించి. ఆ సీజన్లో టీమ్ 82 మ్యాచ్‌లాడి 17 గెలిచింది. అక్క కూర్చుని కాలు పోగొట్టుకుంది, కోబీ కూర్చోకుండా పోగొట్టుకున్నాడు. నిన్ను కూర్చోబెట్టే కోచ్ దొరికినందుకు నాకు మనసులో సంతోషంగానే ఉంది, మీ అమ్మతో అనకు.

కాబట్టి విను. బెంచ్ మీద చివరి కుర్చీ నీది. కోచ్ పక్కన కూర్చోవాలని చూడకు. చివరైతే కాళ్ళు చాచుకోవడానికీ, పక్కన నిలబడి పిక్కలు సాగదీసుకోవడానికీ చోటుంటుంది. ట్రాక్ ప్యాంట్ విప్పకు, ఎంత ఉక్కపోసినా సరే. టైమ్ ఔట్ తీసుకున్న ప్రతిసారీ నువ్వు లేవాలి. హాఫ్ టైమ్‌లో 15 నిమిషాలుంటుంది, అందులో సగమైనా నువ్వు బంతితో కోర్టులో ఉండాలి. ఇదంతా కుర్రవాళ్ళకి అవసరం లేదు, చల్లారిన ఒంటితో దిగినా వాళ్ళకి నడుస్తుంది. మనకి నడవదు. అందులోనూ మోకాళ్ళ విషయంలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ముప్పెక్కువ, అది నీ ఫిజియో కూడా చెప్పే ఉంటుంది.

కూర్చున్నంతసేపూ ఊరికే చూడకు. ఎదుటి గార్డ్ అలిసిపోయాక ఏ చేతి మీదికి వెళ్తుందో, వాళ్ళ సెంటర్ స్క్రీన్ పెట్టాక, అంటే మనవాళ్ళ దారికి అడ్డం నిలబడ్డాక, రింగ్ వైపు తిరుగుతుందా బయటికి వస్తుందా, ఆ క్వార్టర్లో వాళ్ళకి ఎన్ని టీమ్ ఫౌల్స్ అయ్యాయి, ఐదోదానికి వచ్చే ఫ్రీ త్రోలు ఎవరి మీదికి వెళ్ళి తెచ్చుకోవాలి, ఇవన్నీ బయట నుంచి కనిపించినట్టు లోపల నుంచి కనిపించవు. దిగాక మొదటి బంతి వస్తే షాట్ వేయకు. పాస్ ఇచ్చెయ్. ముందు ఒక డిఫెన్స్, రీబౌండ్ కోసం ఎదుటిదాన్ని వెనకే ఆపే ఒక బాక్స్ ఔట్, ఒక స్క్రీన్. ఒంటికి చెమట పట్టాక నీ కార్నర్ నుంచి వెయ్యి. మొదటి అడుగు వేగం తగ్గింది నీకు, నేను కిందటేడే చూశాను, చెప్పలేదు. కానీ చేతి వాటం ఎక్కడికీ పోలేదు. విన్స్ కార్టర్‌ని చూడు, ఎగిరి డంక్ చేయడంతో పేరు తెచ్చుకున్న మనిషి, బెంచ్ మీద నుంచి వచ్చి త్రీ పాయింటర్లు వేసుకుంటూ 43 ఏళ్ళ దాకా, 22 సీజన్లు ఆడాడు.

ఇంకో మాట, ఇది కాలికి సంబంధించింది కాదు. నీ చోట్లో ఆడబోయే పిల్ల గురించి.

ఆ పిల్ల తప్పు చేసినప్పుడు జనం నీ వైపు చూస్తారు. నీ మొహంలో ఏముందో వెతుకుతారు. మన బంధువులే గ్యాలరీలోంచి "చిట్టిని దింపండి" అని అరుస్తారు, మీ బాబాయ్ మొదట అరుస్తాడు. ఆ అరుపు నీ చెవికి తియ్యగా ఉంటుంది. అందుకే జాగ్రత్త. అలెన్ ఐవర్సన్ 2001లో అమెరికా లీగ్ ఎన్‌బీఏ మొత్తానికే ఎంవీపీ, అంటే ఆ సీజన్ మేటి ఆటగాడు. 2009లో, అప్పుడు అతనికీ 34 ఏళ్ళే, మెంఫిస్ టీమ్ బెంచ్ మీద నుంచి దింపితే మూడు మ్యాచ్‌లాడి వెళ్ళిపోయాడు. ఆ కొద్ది నెలలకే అతని ఎన్‌బీఏ ఆట ముగిసిపోయింది. అతని ఆట అంటే నాకు ప్రాణం. ఇప్పటికీ అది తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

డయానా టౌరాసీని చూడు. అమెరికా ఆడవాళ్ళ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఆవిడకంటే ఎక్కువ పాయింట్లు వేసినవాళ్ళు లేరు, పది వేలు దాటింది ఆవిడే మొదట. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళేసరికి 42 ఏళ్ళు, మెడలో అప్పటికే ఐదు బంగారు పతకాలు. ముసలిదాన్ని ఎందుకు తీసుకెళ్ళారు, ఆ సీటు కొత్త స్టార్ కెయిట్లిన్ క్లార్క్‌కి ఇవ్వాల్సింది కదా అని అక్కడ ఎంత రచ్చ జరిగిందో. మొదట్లో స్టార్టింగ్ టీమ్‌లోనే ఉంది. నాకౌట్ మ్యాచ్‌లకి వచ్చేసరికి బెంచ్. ఫైనల్లో ఒక్క సెకను కూడా దింపలేదు. ఆ ఫైనల్ నువ్వూ నేనూ ఫోన్లో మాట్లాడుకుంటూ చూశాం, గుర్తుందా? ఆఖరి బజర్‌తో ఫ్రాన్స్ పిల్ల గాబీ విలియమ్స్ వేసింది పడనే పడింది, కాలి వేలు మూడు పాయింట్ల గీత మీదుంది కాబట్టి రెండు పాయింట్లే అయింది, 67-66. నువ్వు "అయ్యో టౌరాసీ ఆడలేదే పెద్దమ్మా" అన్నావు. నేను అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడంటున్నాను. ఆరో బంగారు పతకం ఆవిడదే. ఆరు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన బాస్కెట్‌బాల్ మనిషి, ఆడామగా కలిపి, అప్పటిదాకా ఎవరూ లేరు. ఆ టీమ్‌లో ఉన్న పిల్లలు ఆవిడ ఆట చూసి బంతి పట్టుకున్నవాళ్ళు. ప్రాక్టీస్‌లో వాళ్ళ పక్కన ఆవిడ నిలబడటం ఏ స్కోర్ షీట్‌లో రాస్తారు?

మీ టీమ్ పిల్లకి నువ్వు అలా ఉండు. అది బయటికి వచ్చినప్పుడు ముందు నీళ్ళ సీసా నీ చేతి నుంచే అందాలి. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడే చెప్పకు, నీళ్ళు తాగాక, ఊపిరి అందాక, ఒక్కటే చెప్పు. నువ్వు పదో తరగతిలో డాబా మీద డ్రిబ్లింగ్ చేస్తుంటే కింది వాటా వాళ్ళు గొడవకి వచ్చేవాళ్ళు. మీ నాన్న బంతి దాచేస్తే, నా దగ్గరికి ఏడుస్తూ వచ్చావు. నేను నిన్నేమైనా తిట్టానా? రోజూ పొద్దున ఐదింటికి గ్రౌండ్‌కి తీసుకెళ్ళాను. నీ ఎడమ చేయి మొద్దుబారినట్టుండేది అప్పట్లో. నీకు విసుగొచ్చి బంతి విసిరికొడితే, పరిగెత్తి తెచ్చింది నేనే. ఆ పిల్లకి కూడా ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా.

తిట్టానని అనుకోకు. నీకు నా మీద కోపమొస్తే ఫోన్ చేసి అరిచెయ్, మనసులో పెట్టుకోకు. ఆపరేషన్ రోజు ఆస్పత్రిలో నా చెయ్యి వదల్లేదు నువ్వు. ఆ గట్టి పట్టు ఇంకా తెలుస్తూనే ఉంది. ఆ కాలికి ఇంకేమైనా అయితే నేను తట్టుకోలేను, అంతే నా స్వార్థం.

పటియాలా ఎన్ఐఎస్, అదే జాతీయ క్రీడా సంస్థ, ఇచ్చే కోచింగ్ డిప్లమా సంగతి కూడా ఇప్పుడే కనుక్కో. వయోపరిమితి, ఆఫీసులో సెలవు, రెండూ. ఆట అయిపోయాక చూద్దాం అనకు, అప్పటికి నీకు ఫైళ్ళ సెక్షన్లో కుర్చీ వేసేస్తారు, అందులో పడితే లేవడం కష్టం. అప్లికేషన్ ఫారం వస్తే నాకు వాట్సాప్‌లో పెట్టు, సర్టిఫికెట్ల జిరాక్సులు నేను తీయించి పంపుతాను. నీ స్టేట్, నేషనల్ సర్టిఫికెట్లన్నీ నా బీరువాలోనే ఉన్నాయి.

టోర్నమెంట్ డ్రా ఎప్పుడు వస్తుందో చెప్పు. పాపను నా దగ్గర వదిలేసి వెళ్తావా, లేక నేనే పాపతో కలిసి అక్కడికి రానా? రావాలంటే ట్రైన్ టికెట్లు ముందే చూసుకోవాలి, పండగ రద్దీ మొదలైతే స్లీపర్‌లో కూడా దొరకవు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ