ప్రింట్‌మేకింగ్ ఎమ్మెఫ్ఏకి వస్తున్న తమ్ముడికి

తమ్ముడూ, హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో బీఎఫ్ఏ ముగించి, అమెరికాలో ప్రింట్‌మేకింగ్, అంటే ప్లేటు మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే కళలో, ఎమ్మెఫ్ఏకి (ఫైన్ ఆర్ట్స్ మాస్టర్స్) రెండు సీట్లు తెచ్చుకున్నావు. చాలా సంతోషం. మ్యూజియంలు ఎక్కడ ఎక్కువ, మనవాళ్లు ఎక్కడ ఎక్కువ, చలికి తట్టుకోగలనా అని అడిగావు. అవన్నీ వచ్చాక చూసుకోవచ్చు. ఫీజు ఎవరు కడుతున్నారో మాత్రం నువ్వు రాయలేదు.

పదహారేళ్ల కిందట నాకూ రెండు సీట్లే వచ్చాయి. చిన్న ఊళ్లోని యూనివర్సిటీ ఫీజంతా మాఫీ చేసి, టీచింగ్ అసిస్టెంట్‌గా నెలనెలా స్టైపెండ్ ఇస్తామంది. పెద్ద నగరంలోని ఆర్ట్ స్కూలు సగం ఫీజు తగ్గించింది. పేరు చూసి నేను రెండోదానికే వెళ్లాను. మా నాన్నకు స్కాలర్‌షిప్ వచ్చిందని మాత్రం చెప్పాను. మిగతా సగం ఎంతవుతుందో ఇద్దరం కూర్చుని లెక్క వేసుకోలేదు. ఇల్లు తాకట్టు పెట్టి వచ్చాక తెలిసింది, స్టూడియో ఫీజు, హెల్త్ ఇన్సూరెన్స్, ప్లేట్లు, కాగితం ఏవీ అందులో లేవని.

అంతటితో ఆగానా? మొదటి సెమిస్టర్‌లోనే అందరికంటే పెద్ద కాపర్ ప్లేటు కొన్నాను, క్రెడిట్ కార్డు మీద. హైదరాబాద్‌లో జింకు ప్లేటు, నైట్రిక్ యాసిడ్ అలవాటు. ప్లేటు మీద గీసిన గీతల్ని యాసిడ్ తిని లోతు చేస్తుంది. నైట్రిక్‌లో గీతల మీద బుడగలు లేస్తాయి, వాటిని ఈకతో తోస్తూ ఎంత తిన్నదో కనిపెట్టుకుంటాం. ఇక్కడ కాపర్‌కి ఫెర్రిక్ క్లోరైడ్. అందులో బుడగ రాదు, ఆ ముదురు గోధుమ ద్రావణంలో ప్లేటూ కనపడదు. ఇంకా తినలేదనుకుని వదిలేశాను. తీసేసరికి సన్నగీతలన్నీ కలిసిపోయి గుంటలు పడ్డాయి. ముందు చిన్న ముక్క మీద టెస్ట్ స్ట్రిప్ వేసి టైము రాసుకోమని టెక్నీషియన్ ముందే చెప్పాడు, నాకు తెలుసులే అనుకున్నాను. ఆ రాత్రి పోయిన ప్లేటు ఖరీదును రూపాయల్లోకి మార్చుకుని ఏడ్చాను.

కొత్తది కొనే డబ్బు లేదు. అప్పుడు మా ప్రొఫెసర్ కృష్ణారెడ్డి గారి ప్రింట్లు తెచ్చి చూపించారు. 1925లో మన చిత్తూరు ప్రాంతంలో పుట్టి, పారిస్‌లో హేటర్ అనే ప్రింట్‌మేకర్ నడిపిన అటెలియే 17 స్టూడియోలో పనిచేసి, విస్కాసిటీ ప్రింటింగ్‌కి పేరు తెచ్చిన మనిషి. ఇంకులో నూనె పాళ్లు మార్చి, మెత్తటి రోలరు, గట్టి రోలరు వాడితే ఒకే ప్లేటు మీద వేర్వేరు లోతుల్లో వేర్వేరు రంగులు నిలుస్తాయి. రంగుకో ప్లేటు అక్కర్లేదు. లోతుగా తిన్న నా ప్లేటు దానికి పనికొచ్చింది. తరవాత దాని వెనకవైపు కూడా పాలిష్ చేసి డ్రైపాయింట్ వేశాను, అంటే యాసిడ్ లేకుండా సూదితో నేరుగా గీశాను. ఆ ఏడాదంతా ఆ ఒక్క రాగిరేకే.

ఆ అప్పు ఆరేళ్లు కట్టాను, ఒక్క నెల తప్పలేదు. ఇవాళ కాలేజీలో పాఠం చెబుతున్నాను, ఇంట్లో సొంత ప్రెస్సు ఉంది. నేను నెట్టుకొచ్చాను కదా అని నువ్వూ అలాగే దిగకు. మీ వయసులో అప్పు ఒక అంకెలా కనిపిస్తుంది, అంతే.

వీసా రూల్సు అధికారిక సైట్లలో ఉంటాయి, చదువుకో. రెండు మాత్రం గుర్తుంచుకో. చదివేటప్పుడు క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలే. చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి, 12 నెలలే, ఇంజినీరింగ్ పిల్లలకిచ్చే స్టెమ్ పొడిగింపు మనకి లేదు. అంటే అప్పు తీర్చే జీతం వెంటనే వస్తుందనుకోవద్దు.

రెండు స్కూళ్లకీ ఈరోజే మెయిల్ పెట్టు. ఫీజు మాఫీ మొదటి సెమిస్టర్ నుంచేనా, అన్ని సంవత్సరాలకూనా? స్టైపెండ్ ఎన్ని నెలలు, వేసవిలో ఉంటుందా? స్టూడియో ఫీజెంత? యాసిడ్, గ్రౌండ్ (యాసిడ్ తగలకుండా ప్లేటుకి పూసే పూత), ఇంకు స్కూలిస్తుందా, మనం కొనుక్కోవాలా? ఫండింగ్ ఇచ్చిన సీటుకి చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి. ఆలోపు ఆ జవాబులు నాకు పంపు. ఆదివారం మీ నాన్నగారిని కూడా ఫోన్ దగ్గర కూర్చోబెట్టు, ముగ్గురం కలిసి లెక్క వేద్దాం.