కాగితం పూల ఆకు రసం కొడితే టమాటా ఆకుముడత తగ్గుతుందా?

తోటలో సగం మొక్కలకు ముడత వచ్చింది, కాగితం పూల ఆకు రసం కొడితే కోలుకుంటాయా అని అడిగారు. కోలుకోవు. ఆకుముడత వైరస్ వల్ల వచ్చే తెగులు. అలాగని ఆ రసంలో ఏమీ లేదని మాత్రం అనను. అది పనిచేయడం నేను కళ్లారా చూశాను.

మొక్కల తెగుళ్ల మీద ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు నా పనల్లా ఆకుల మీద చుక్కలు లెక్కపెట్టడమే. నికోటియానా గ్లూటినోసా అనే అడవి పొగాకు జాతి మొక్కలను కుండీల్లో పెంచేవాళ్లం. ఆకు మీద సన్నటి గీతలు పడేలా కార్బొరండం అనే గరుకు పొడి చల్లి, పొగాకు మొజాయిక్ వైరస్ ఉన్న రసాన్ని వేలితో మెల్లగా రుద్దితే, మూడు నాలుగు రోజుల్లో గోధుమ రంగు చుక్కలు లేస్తాయి. (బీడీ కాల్చేవారిని సబ్బుతో చేతులు కడుక్కోనిదే లోపలికి రానిచ్చేవారు కాదు. వైరస్ వాళ్ల వేళ్ల మీదే ఉండవచ్చు.) ఒకసారి నడిమి ఈనెకు ఎడమవైపు నీళ్లు, కుడివైపు కాగితం పూల లేత ఆకులు నూరి వడకట్టిన రసం పూసి, ఆపైన రెండు వైపులా వైరస్ రుద్దాను. ఎడమవైపు లెక్క తప్పకుండా పెన్నుతో గళ్లు గీసుకోవలసి వచ్చింది. కుడివైపు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అదే రసాన్ని వైరస్ రుద్దిన మర్నాడు పూస్తే రెండు వైపులా ఒకేలా చుక్కలు. మీ తోట ఇప్పుడు ఆ రెండో ఆకు లాంటిది.

ఆ రసంలో పనిచేసేది, కణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రమైన రైబోజోమ్‌ను నిలిపివేసే ఒక ప్రొటీన్. వైరస్‌కు సొంతంగా ప్రొటీన్లు తయారుచేసుకునే యంత్రం లేదు, మొక్క కణంలోని రైబోజోమ్‌లనే వాడుకోవాలి. ఈ ప్రొటీన్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ నుంచి అడినిన్ అనే ఒకే ఒక్క చిన్న ముక్కను ఊడబెరుకుతుంది. అంతటితో అక్కడ పని బంద్. పోక్‌వీడ్ అనే అమెరికా కలుపు మొక్క రసం వైరస్‌ను అడ్డుకుంటుందని 1925లోనే గమనించారు. అందులోని ప్రొటీన్ కణం గోడల్లో, రైబోజోమ్‌లకు దూరంగా ఉంటుంది. గోడ చిట్లి వైరస్ దూరినప్పుడు అదీ లోపలికి పోయి ఆ కణాన్నే చంపేస్తుందని ఒక వివరణ. దొంగ దూరిన గదికి యజమానే నిప్పు పెట్టడం అన్నమాట. మన చంద్రకాంతలో, అటికమామిడి వేళ్లలో కూడా వైరస్‌ను అడ్డుకునే ప్రొటీన్లు ఉన్నాయి. కాగితం పూలతో కలిపి మూడూ ఒకే కుటుంబం.

అయితే పొగాకు వైరస్ గీతల్లోంచి దూరుతుంది. ఆకుముడత వైరస్‌ను తెల్లదోమ సూదిలాంటి మూతితో నేరుగా ఆహారం పారే నాళాల్లోకి దించుతుంది. పైన చల్లిన రసానికి అక్కడ ఏం పని? ఇదంతా చదువుకుని కూడా మా పొలంలో ముడత కనిపించాక ఆశ కొద్దీ రెండుసార్లు కొట్టాను. ఏ మార్పూ లేదు. "ఆ ఆకులు నూరే బదులు గేదెకు గడ్డి కోసినా కలిసొచ్చేది" అన్నారు మా నాన్న.

మొక్కకు పుట్టుకతో వచ్చే కాపలా ప్రొటీన్ల సంగతి వేరు. నేను లెక్కపెట్టిన చుక్కలు నిజానికి మొక్క పనే. 'ఎన్' అనే జన్యువు తయారుచేసే ప్రొటీన్ వైరస్‌ను గుర్తుపట్టి, చుట్టూ ఉన్న కణాలను చంపి దారి మూసేస్తుంది. ఒక ఏప్రిల్‌లో కరెంటు పోయి గది వేడెక్కింది. కుడివైపు ఒక్క చుక్కా లేకపోతే పొంగిపోయాను. తీరా చూస్తే నీళ్లు పూసిన సగంలోనూ లేవు! కొద్ది రోజులకు కొత్త ఆకులన్నిటా మొజాయిక్ తెగులు మచ్చలే. 28 డిగ్రీలు దాటితే ఆ కాపలా పనిచేయదు.

టమాటాలో ఆకుముడతకు అలాంటి అండ 'టై-1'. చిలెన్స్ అనే అడవి టమాటా నుంచి తెచ్చిన జన్యువు ఇది. వైరస్ జన్యువులను నొక్కిపెట్టడానికి తోడ్పడే ఎంజైమును తయారుచేస్తుందని 2013లో తేలింది. ఇది ఉన్న మొక్కలోకీ వైరస్ వస్తుంది, కానీ పెద్దగా పెరగదు. వచ్చే పంటకు ఆకుముడతను తట్టుకునే హైబ్రిడ్ అడిగి తీసుకోండి, నారుమడి మీద 40–50 మెష్ నైలాన్ వల కట్టండి. రసం మీద అంత నమ్మకముంటే నారు దశ నుంచే ఒక వరుసకు కొట్టి, పక్క వరుసకు నీళ్లు కొట్టి చూడండి.

ఇప్పుడున్న తోటకైతే, నాటి ఎన్ని రోజులైందో రాయండి. నెల లోపైతే ముడత మొక్కలను పీకేయడం మేలు. కాయ దిగి ఉంటే తెల్లదోమను అదుపులో పెట్టుకుంటూ కోతలు కానివ్వండి.