లెక్కలే చదువుతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి సీనియర్ ఇంటర్ ఎంపీసీ. బీటెక్ సీఎస్ఈ వద్దు, అప్లయిడ్ మ్యాథమెటిక్స్ చదువుతానని పట్టుబట్టింది. లెక్కలు చదివితే చివరికి లెక్చరర్ ఉద్యోగమే కదా అని బంధువులు అంటున్నారు. అసలు ఆ పని చేసేవాళ్ళు రోజంతా ఏం చేస్తారు? జీతాలు ఎలా ఉంటాయి? ఐఎస్ఐ అనే గణాంక సంస్థలో చదవడానికి కోల్‌కతా దాకా పంపాలా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: జీతం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ‘రోజంతా ఏం చేస్తారు’ అని అడిగారు చూడండి, ముందు తేల్చుకోవాల్సింది అదే. లెక్కలంటే ఇష్టమనే ఇంటర్ పిల్లల్లో చాలామందికి నిజంగా ఇష్టమైనది నిమిషంలో బిట్టు కొట్టేయడం. అప్లయిడ్ మ్యాథమెటీషియన్ (బయటి ప్రపంచపు సమస్యలను లెక్కలతో పరిష్కరించే మనిషి) పనిలో అది దాదాపు ఉండదు.

దగ్గరలో ఉన్న ఉదాహరణే తీసుకుందాం. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సునామీ హెచ్చరికలు ఇస్తారక్కడ. 2004 డిసెంబరు 26 విషాదం తర్వాత, 2007లో ఈ హెచ్చరిక కేంద్రం మొదలైంది. వాళ్ళ పనికి ఆధారమైన లెక్కను మీ అమ్మాయి ఇప్పుడే చేయగలదు. సముద్రం లోతును 9.8తో గుణించి వర్గమూలం తీస్తే సునామీ వేగం వస్తుంది. లోతు 4,000 మీటర్లయితే సెకనుకు సుమారు 198 మీటర్లు, అంటే గంటకు 700 కిలోమీటర్ల పైమాటే. ఒడ్డు దగ్గర, 10 మీటర్ల లోతులో, అదే అల గంటకు సుమారు 36 కిలోమీటర్లకు పడిపోతుంది. ముందున్న నీరు నెమ్మదిస్తే వెనకొచ్చేది మీదకొచ్చి పడుతుంది కనుక ఎత్తు పెరుగుతుంది.

ఇంతవరకూ ఇంటర్ లెక్కే. సముద్రం అడుగు సమంగా ఉండదు కాబట్టి దాన్ని గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో నీరెంత, ఎటు పోతోంది అని కొద్ది సెకన్లకోసారి కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తారు. గడి వెడల్పు కిలోమీటరు అనుకోండి. సెకనుకు 200 మీటర్లు పోయే అల దాన్ని 5 సెకన్లలో దాటేస్తుంది. మామూలు పద్ధతుల్లో లెక్కకూ లెక్కకూ మధ్య ఎడం అంతకన్నా తక్కువే ఉండాలి. ఎక్కువైతే అంకెలు అదుపు తప్పి, తెర మీద కిలోమీటర్ల ఎత్తున అలలు లేస్తాయి! ఈ షరతును కూరాంట్, ఫ్రెడ్రిక్స్, లూయీ అనే ముగ్గురు 1928లోనే, ఇప్పటి కంప్యూటర్లు పుట్టకముందే చెప్పారు. ఇంకా కచ్చితంగా కావాలని గడి వెడల్పును సగం చేస్తే గళ్ళు 4 రెట్లవుతాయి, ఎడం సగమవుతుంది, మొత్తం పని 8 రెట్లు. భూకంపం వచ్చాక అంత తీరిక ఎక్కడిది? అందుకే రకరకాల భూకంపాలను ఊహించి ఆ లెక్కలు ముందే కట్టి దాచుకుంటారు. నిజంగా భూమి కంపించినప్పుడు దానికి దగ్గరగా ఉన్నదాన్ని బయటికి తీస్తారు.

ఎంత కచ్చితత్వం చాలు, ఏది వదిలేసినా పర్వాలేదు అని తేల్చడమే ఈ వృత్తి. జవాబు తప్పొస్తే తప్పు సమీకరణంలో ఉందా, ప్రోగ్రామ్‌లో ఉందా, కొలతల్లోనే ఉందా అని నెలల తరబడి వెతకాలి. లెక్కలు తమ వృత్తి కాని ఇంజినీర్లతో, డాక్టర్లతో గంటలకొద్దీ మాట్లాడాలి. కోడింగ్ తప్పించుకోవడానికి ఈ దారి ఎంచుకుంటే మాత్రం కుదరదు. వాతావరణ మోడళ్ళలో ఇప్పటికీ ఫోర్‌ట్రాన్ అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాష రాజ్యమేలుతోంది.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతి మీ బంధువులకు చెప్పండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కోల్‌కతా వెళ్ళి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ (ఐఎస్ఐ)లో చేరారు. 1946లో కేంబ్రిడ్జి వెళ్ళి చేసిన పనేమిటో తెలుసా? సూడాన్‌లో తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం. అంతకుముందే 1945లో రాసిన వ్యాసానికి గుర్తింపుగా, 102 ఏళ్ళ వయసులో, 2023 అంతర్జాతీయ గణాంక బహుమతి అందింది. అందరూ రావు గారు కాలేరు, నిజమే. కానీ లెక్కలు ఎంత దూరం తీసుకెళ్తాయో తెలుస్తుంది కదా.

ఇక దారులు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే ఐఐటీ హైదరాబాద్‌లో, బెంగళూరు ఐఐఎస్‌సీలో ‘మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్’ బీటెక్ ఉంది. మీ ఇంట్లో గొడవ సద్దుమణగడానికి ఇదే మంచి మార్గం అనిపిస్తోంది నాకు. లేదంటే ఐఎస్ఐలో బీస్టాట్ (గణాంకశాస్త్ర డిగ్రీ), బీమ్యాథ్ (గణిత డిగ్రీ), చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ)లో బీఎస్సీ, తిరుపతి ఐసర్‌లో బీఎస్-ఎంఎస్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ. ఇవేవీ రాకపోతే, ‘అప్లయిడ్’ అని బోర్డు పెట్టిన ఏదో ఒక కాలేజీలో మాత్రం చేర్పించకండి. దానికంటే మంచి కాలేజీలో బీటెక్ నయం. బీటెక్ వాళ్ళకూ తర్వాత గణితంలో పీహెచ్‌డీకి దారులున్నాయి.

డబ్బు విషయం దాచకుండా చెబుతాను. పరిశోధన వైపు వెళ్తే 2023 నుంచి కేంద్ర జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. బతకడానికి చాలు, ఫ్లాట్ కొనడానికి చాలదు. స్థిరమైన ఉద్యోగం చాలామందికి ముప్ఫై దాటాకే వస్తుంది, ఈలోగా సీఎస్ఈ చదివిన తోటివాళ్ళు చాలా ముందుంటారు. ఫైనాన్స్, బీమా, చిప్ డిజైన్, మెషిన్ లెర్నింగ్ కంపెనీల వైపు వెళ్తే ఆ తేడా అంతగా ఉండదు. కాకపోతే అక్కడ ఏ డిగ్రీ అనేదానికంటే గణాంకాలూ కోడింగూ ఎంత గట్టిగా వచ్చనేదే చూస్తారు.

కోల్‌కతా మాట ఇప్పుడే వద్దు. ముందు ఐఎస్ఐ ప్రవేశ పరీక్ష పాత పేపర్లలో వివరంగా సమాధానాలు రాయాల్సిన పేపర్ ఒకటి ప్రింట్ తీసి ఆదివారం ఇవ్వండి. మార్కులు లెక్కపెట్టకండి. ఒక్క లెక్క దగ్గరే గంటసేపు చిక్కుకుపోయినా సాయంత్రం మళ్ళీ తనంతట తానే ఆ కాగితం తీస్తే అప్లికేషన్ పెట్టించండి. సీటొచ్చాక ఇద్దరూ వెళ్ళి హాస్టల్ చూసి రండి.