కొత్త శాఖకు ఎంతమంది కావాలి, దేనితో మొదలుపెట్టాలి?

అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థకు మీ ప్రాంతంలో శాఖ పెట్టాలంటే కనీసం ఎంతమంది ఉండాలి, ముందుగా ఏం చేయాలి అని అడిగారు. సంఖ్య సంగతి మీ సంస్థ నియమావళిలోనే ఉంటుంది. రోటరీ, లయన్స్, టోస్ట్‌మాస్టర్స్ మూడూ కొత్త క్లబ్బుకు సాధారణంగా 20 మందిని అడుగుతాయి. వికీపీడియాను నడిపే వికీమీడియాలో చాప్టర్ (పూర్తిస్థాయి శాఖ) కంటే తేలికైన షరతులతో యూజర్ గ్రూపు అనే మెట్టు ఉంది. మీ సంస్థలోనూ అలాంటిది ఉంటే అక్కడే మొదలుపెట్టండి.

నేను ఒక సంస్థ శాఖకు తొలి కార్యదర్శిని. మాకూ ఇరవై మంది కావాలన్నారు. పన్నెండు దగ్గర ఆగిపోయాం. ఓపిక పట్టకుండా మిగతా ఎనిమిది పేర్లూ మొహమాటపెట్టి నింపాం. అందులో మా బావమరిది ఒకడు. అతని చందా నేనే కట్టాను. గుర్తింపు పత్రం వచ్చింది, ఫొటోలు దిగాం. ఆరు నెలలకు చందా మళ్లీ కట్టాల్సి వచ్చేసరికి ఆ ఎనిమిది మందీ కనిపించలేదు. అది ఊహించిందే. ఊహించనిది ఏమిటంటే, బాగా పనిచేసే ముగ్గురు కూడా ఖాళీ కుర్చీలు చూసి నీరసపడి మానేశారు. తొమ్మిది మందిమి మిగిలాం. మొదట్లోనే మరో నాలుగు నెలలు ఆగి ఉంటే ఆ ముగ్గురూ ఇప్పటికీ ఉండేవారని నా నమ్మకం.

అందుకే కమిటీ, పదవుల మాట పక్కన పెట్టి, ఏదో ఒక్క పనిని నెలనెలా ఒకే రోజున, ఒకే సమయానికి చేస్తూ పోండి. మూడో నెలకు ఫోను చేయకుండానే ఎవరు వచ్చారో చూసుకుని ఆ పేర్లే దరఖాస్తులో రాయండి. అధ్యక్షుడు ఎవరన్న చర్చతో మొదలుపెడితే (మేము రెండు సమావేశాలు దానికే ధారపోశాం) పని ఎప్పటికీ మొదలుకాదు.

ఇంకో పొరపాటు చెప్పాలి. ప్రధాన కార్యాలయం ఇచ్చే గుర్తింపు వేరు, మీ దేశ చట్టం ప్రకారం నమోదు వేరు. మేము ఆ గుర్తింపు పత్రం పట్టుకుని ఖాతా తెరవడానికి బ్యాంకుకు వెళ్లాం. మేనేజరు దాన్ని తిప్పి తిప్పి చూసి, నమోదు పత్రం ఏదని మర్యాదగా అడిగి పంపించేశారు. నమోదు అయ్యేదాకా విరాళాలు తీసుకోకండి, ఎవరి సొంత ఖాతాలోనూ వేయించకండి. లోగో వాడుకోవడానికి కూడా ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి.

పదవుల మార్పిడి గురించి మీరు అడగలేదు కానీ, మా శాఖ దాదాపు మూతపడింది అక్కడే. రోటరీలో అధ్యక్షులు ఏటా జూలై 1న మారతారు, తర్వాత ఎవరో చాలా ముందే తేల్చేస్తారు. మాకు ఆ అలవాటు లేదు. మా తొలి అధ్యక్షుడు ఉద్యోగం మారి వెళ్లిపోయాడు, శాఖ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఆయనతోనే వెళ్లింది. వార్షిక నివేదిక పంపమని ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన రెండు హెచ్చరికలు మేము చూడనే లేదు. ఇప్పుడు పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంటుంది, అందులో ఒకరు తప్పనిసరిగా వచ్చే ఏడాది పదవిలో ఉండబోయేవారు.