ఊటీకి 14 మంది, మనిషికి 5,000: సరిపోతుందా?

ఎండలు మొదలయ్యేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం కొండ ఊళ్ల గురించే ఉంటాయి. ఈసారి చెన్నై పాఠకుల నుంచే ఎక్కువ వచ్చాయి, అందుకే అందరికీ పనికొచ్చే నాలుగింటిని తీసుకున్నాం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు ఆడవాళ్లం 14 మందిమి కలిసి ఊటీ వెళ్లాలని ఏడాదిగా అనుకుంటున్నాం. మేలో పిల్లల్ని నెల్లూరులో అమ్మమ్మల దగ్గర వదిలి, చెన్నై నుంచే వ్యాన్ మాట్లాడుకుని రెండు రాత్రులు ఉండి వద్దామని ఆలోచన. మనిషికి 5,000 దాటకూడదు. కుదురుతుందా మేడమ్?
– ఒక పాఠకురాలు, వేళచేరి

జవాబు: కుదురుతుంది, కానీ మే నెలా చెన్నై వ్యానూ రెండూ కావాలంటే మాత్రం కుదరదమ్మా. ముందు వ్యాన్ సంగతి చూద్దాం. ఇక్కడి నుంచి ఊటీ దాదాపు 550 కిలోమీటర్లు, రానూపోనూ 1,100, అక్కడ తిరిగేది కలిపితే 1,200 అనుకోండి. కిలోమీటరుకు 22 రూపాయలు అడిగారనుకుంటే 26,400 అక్కడే అయిపోతుంది, దానిమీద డ్రైవర్ బత్తా, టోల్, హిల్ ఛార్జ్ అంటూ కలిపేసరికి 30,000 దాటుతుంది. మనిషికి 2,100 పైమాటే, అదీ నడుములు పోయేలా రాత్రంతా కూర్చుని వెళ్లడానికి! పైగా 2024 మే నుంచి హైకోర్టు ఆదేశంతో ఊటీకి, కొడైకెనాల్‌కి వెళ్లే బయటి వాహనాలకు ఈ-పాస్ (ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాల్సిన అనుమతి) పెట్టారు. 2025 వేసవిలోనైతే నీలగిరి జిల్లాలోకి మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 వాహనాలకే అనుమతి అని పరిమితి కూడా పెట్టారు. పాస్ ఉచితమే, కానీ మీకు కావాల్సిన రోజున దొరకాలి కదా. రైల్లో, ప్రభుత్వ బస్సులో వెళ్లేవాళ్లకు ఈ గొడవే లేదు.

అందుకని సెంట్రల్‌లో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. తెల్లారి ఆరు, ఆరున్నర మధ్య మేట్టుపాళయంలో దింపుతుంది. స్లీపర్ టికెట్ రమారమి 350. అక్కడి నుంచి ఊటీకి బస్సులు వరసగా ఉంటాయి. ఇక ఊటీలో తిరగడానికి అక్కడి వ్యానే మాట్లాడుకోండి, స్థానిక బండి కాబట్టి దానికి ఈ-పాస్ అక్కర్లేదు, ఆ డ్రైవర్‌కి ఆ మలుపులన్నీ అలవాటే.

ఇలా కేటాయించి చూడండి: రైలుకు రానూపోనూ 700, కొండ బస్సుకు 200, గదిలో నలుగురు ఉండేలా రెండు రాత్రులకు 1,200, ఊటీ వ్యాన్‌కి 650, మూడు రోజుల తిండికి 1,200, ప్రవేశ టికెట్లకు 300. మొత్తం 4,250. మిగతా 750 కొనుక్కోవడానికో, అనుకోని ఖర్చుకో.

ఈ లెక్క మే నెలలో నిలబడదు. బొటానికల్ గార్డెన్‌లో ఫ్లవర్ షో జరిగేది ఆ నెలలోనే, ఊరంతా నిండిపోతుంది, నలుగురికి రాత్రికి 2,400 అని మనం లెక్కేసుకున్న గది ఎంత చెబితే అంత అవుతుంది. ఫిబ్రవరి నెలాఖరులోనో మార్చి మొదట్లోనో సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. పిల్లలకు స్కూల్ ఉంటుందంటారేమో, మూడు రోజులు వాళ్ల నాన్నలు చూసుకోగలరు, అడిగి చూడండి. ఏడాదిగా ఆగింది ఈ ఒక్క కారణానికే అయితే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అదీ కుదరకపోతే ఏప్రిల్లో పరీక్షలు అవగానే, వారం మధ్యలో వెళ్లండి.

రైలు బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఒక టికెట్ మీద ఆరుగురికే చోటు, కాబట్టి మీ 14 మందిని ఆరు, ఆరు, ఇద్దరుగా విడగొట్టాలి. ఆ ఇద్దరూ మీలో అందరికంటే పెద్దవాళ్లై ఉండాలి. ఎందుకంటే 45 దాటిన ఆడవాళ్లకు ఉన్న లోయర్ బెర్త్ కోటా ఒంటరిగానో, ఇద్దరుగానో టికెట్ తీసుకుంటేనే వర్తిస్తుంది. ఆరుగురి టికెట్‌లో కలిపేస్తే ఆ అవకాశం పోతుంది, తర్వాత రైల్లో అందరినీ బతిమాలుకోవాలి.

మేట్టుపాళయం నుంచి ఊటీకి కొండెక్కే టాయ్ ట్రైన్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన లైను అది, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 46 కిలోమీటర్లలో 16 సొరంగాలు. కల్లార్ దాటాక పట్టాల మధ్య రంపంలా పళ్లున్న ఇంకో పట్టాను ఇంజిన్ పళ్లచక్రం పట్టుకుని ఎక్కుతుంది, లేకపోతే ఆ వాలులో రైలు జారిపోతుంది. మేట్టుపాళయంలో ఉదయం 7.10కి బయల్దేరి మధ్యాహ్నానికి చేరుతుంది. 14 సీట్లు ఒకేసారి దొరకడం కష్టం. దొరక్కపోతే దిగులు పడకుండా ఊటీ నుంచి కూనూరుకు వెళ్లే రైలెక్కండి, గంటకు కాస్త పైగా పడుతుంది, తేయాకు తోటలూ లోయలూ అందులోనూ కనిపిస్తాయి. ఆ రోజు కూనూరులో సిమ్స్ పార్క్ చూసి బస్సులో తిరిగొస్తే వ్యాన్ ఒక్కరోజుకే సరిపోతుంది, ఇంకో మూడొందలు మిగులుతాయి. తిరుగు రైలు మేట్టుపాళయంలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో కాబట్టి ఊటీ నుంచి నాలుగింటికల్లా దిగడం మొదలుపెట్టాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

ప్రశ్న: అక్కా, మేం తొమ్మిది మంది ఇంజినీరింగ్ స్టూడెంట్స్‌మి, తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లం, ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాం. ఒక్క రాత్రే టైముంది, మనిషికి 2,000. ఊటీనా, ఇంకేదైనానా?
– ఒక విద్యార్థి, తాంబరం

జవాబు: ఒక్క రాత్రికి ఊటీ వద్దు తమ్ముడూ, దారిలోనే అయిపోతుంది. ఏలగిరి వెళ్లండి. సెంట్రల్ నుంచి జోలార్‌పేటకు పగటి రైళ్లు చాలా ఉన్నాయి, జనరల్ టికెట్‌తో వెళ్లొచ్చు. అక్కడి నుంచి బస్సులో 14 హెయిర్‌పిన్ మలుపులెక్కితే ఊరు. ఎత్తు 1,100 మీటర్ల చిల్లర, ఊటీ 2,240. కాబట్టి ఊటీ చలి ఆశించొద్దు, మన హార్స్‌లీ హిల్స్‌లా హాయిగా ఉంటుంది. కొంచెం ఎక్కువ చల్లదనం కావాలంటే సేలం మీదుగా ఏర్కాడు, 20 మలుపులు, దాదాపు 1,500 మీటర్లు. కానీ ప్రయాణం ఇంకో రెండు గంటలు పెరుగుతుంది. రెండు చోట్లా శనివారం రాత్రి గది రేటు వేరు, క్లాసులు లేని ఒక మామూలు రోజు చూసుకోండి. బైకుల మీద వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం, చీకటి పడ్డాక కొండెక్కొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మా ఆడపడుచు కూతురికి ఘాట్ రోడ్డు అంటేనే వాంతులు. ఇద్దరూ ఊటీకి వస్తామంటున్నారు. తీసుకెళ్లాలా వద్దా అని ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: తీసుకెళ్లండి. పెద్దావిడ నోరు తెరిచి వస్తానని అనడమే గొప్ప. గది బుక్ చేసేటప్పుడు ఎన్ని నక్షత్రాలు, ఫొటో ఎలా ఉంది అని కాకుండా, రోడ్డు మీంచి గది దాకా మెట్లెన్ని అని అడగండి. ఊటీలో చాలా లాడ్జీలు వాలు మీదే ఉంటాయి. మూడేళ్ల క్రితం మా అమ్మను తీసుకెళ్లినప్పుడు నేనీ ప్రశ్న అడగలేదు. దిగి చూస్తే నలభైకి పైగా మెట్లు, వేడినీళ్లేమో ఉదయం గంటసేపే. అమ్మ ఆ రెండు రోజులూ గదిలోనే కూర్చుని కిటికీలోంచి చూసింది. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. కాబట్టి మెట్లు, వేడినీళ్ల వేళలు, అదనపు రగ్గుకు డబ్బులు తీసుకుంటారా అన్నవి ఫోన్‌లోనే అడిగి, జవాబు మెసేజ్‌లో పెట్టమనండి.

చూడాల్సినవి కూడా తగ్గించుకోండి. బొటానికల్ గార్డెన్ 1848 నాటిది, విశాలం, కానీ పైకి పోయేకొద్దీ ఎక్కుడు. అత్తగారు కింది పచ్చికలో కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు ఆవిడ పక్కన ఉండండి. ఊటీ దగ్గరి దొడ్డబెట్ట శిఖరం ఎత్తు 2,637 మీటర్లు, అక్కడ గాలి బాగా చల్లగా కొడుతుంది, చెవులకు మఫ్లర్ తప్పదు. ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉంటే బయల్దేరే ముందే డాక్టర్‌ని కలవండి.

పాపకైతే ముందు సీటు ఇవ్వండి, ఫోన్ చేతికివ్వకండి, కొండెక్కే ముందు రెండు ఇడ్లీలకు మించి పెట్టకండి, అలాగని ఖాళీ కడుపుతోనూ ఎక్కించకండి. వాంతుల మాత్ర వాడాలనుకుంటే వయసుకు తగ్గ మోతాదు డాక్టర్‌ని అడిగి, మలుపులు మొదలయ్యే అరగంట ముందే వేయాలి. మొదలయ్యాక వేస్తే లాభం ఉండదు.

ప్రశ్న: పోయినసారి కొడైకెనాల్‌కి పది మందిమి వస్తామని చెప్పి, చివరికి ముగ్గురు మానేశారు. ఆ ముగ్గురి గది వాటా మేమే కట్టుకున్నాం. ఇప్పుడు మళ్లీ ప్లాన్ చేయమంటున్నారు, మొహమాటంగా ఉంది.
– ఒక పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: మొహమాటం అంతా ఇప్పుడే, మొదట్లోనే వదిలేయండి. "వస్తాం" అన్నవాళ్లను లెక్కలోకి తీసుకోకండి, 2,000 పంపినవాళ్లనే లెక్కపెట్టండి. ఆ డబ్బుతోనే రైలు టికెట్లూ, గది అడ్వాన్సూ. ఎవరైనా మానేస్తే ఏమవుతుందో వాట్సాప్ గ్రూప్‌లో ముందే రాయండి: టికెట్ రద్దు చేస్తే రైల్వే కోత పోగా మిగిలింది వాళ్లకు తిరిగిస్తాం, గది వాటా మాత్రం తిరిగి రాదు అని. రద్దు ఆలస్యమయ్యేకొద్దీ కోత పెరుగుతుంది కాబట్టి, రాలేమన్నది ఎప్పటిలోగా చెప్పాలో తేదీ కూడా వేయండి. ఆరుగురి టికెట్‌లో ఒక్కరిని మాత్రమే రద్దు చేయొచ్చు, మిగతావాళ్లకు ఇబ్బంది ఉండదు. మానేసిన స్నేహితుడి బదులు ఇంకో స్నేహితుడిని ఎక్కిద్దామంటే కుదరదు, మామూలు టికెట్‌లో పేరు మార్పు సొంత కుటుంబ సభ్యులకే, అదీ 24 గంటల ముందు అర్జీ పెడితేనే.

దారిలో టీల దగ్గర్నుంచి ఉమ్మడి ఖర్చంతా ఒక్కరి చేతి మీదుగానే జరగాలి. ఆ మనిషి మీరే కానక్కర్లేదు, ఏర్పాట్లు చేసేవాళ్లే లెక్కలూ మోస్తే అలిసిపోతారు. ఇంకొకరికి అప్పగించి, రోజూ రాత్రి భోజనం అయ్యాక అందరి ముందూ చదివించండి. చాక్లెట్లు, తైలాలు ఎవరివి వాళ్లు కొనుక్కోవాలి.

ఇంకొక్కటి: కొడైకెనాల్‌కీ సొంత బండిలో వెళ్తే ఈ-పాస్ కావాలి, ప్లాస్టిక్ నీళ్ల సీసాలు దారిలోనే తీసేసుకుంటారు. మనిషికొక స్టీలు సీసా పెట్టుకోమనండి. కందిపొడి, ఆవకాయ కూడా చిన్న స్టీలు డబ్బాల్లోనే సర్దుకోండి.