ఘాటుగా రాసినంత మాత్రాన అక్కసు కాదు

నల్లగొండ

చిరంజీవి తమ్ముడికి,

ఇందిరాగాంధీ ప్రభుత్వం పౌరహక్కులను పక్కన పెట్టిన 1975-77 నాటి ఎమర్జెన్సీ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. మీ కాలేజీ సారు దాన్ని చూసి, "ఇది విమర్శ కాదు, ఇందిరమ్మ మీద అక్కసు" అన్నారనీ, అప్పటినుంచి నీకు కలం సాగడం లేదనీ రాశావు. ఆయన మాటలో నిజం ఉంది గానీ, ఆయన ఎర్రసిరా పెట్టిన చోట మాత్రం లేదు.

ఆయన గీత గీసింది మొదటి పేజీలో, "పౌరుడి ప్రాణాన్ని కూడా తన దయాధర్మానికి వదిలెయ్యమని అడిగిన ప్రభుత్వం" అన్న వాక్యం కింద. అది అతిశయోక్తి కాదు. అక్రమంగా నిర్బంధించినా, చివరికి ప్రాణమే తీసినా, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం కోర్టుకు వెళ్లే వీలు లేదని ఆ ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ సుప్రీంకోర్టులో ఒప్పుకున్నారు. 1976 ఏప్రిల్ 28న ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పారు. కాదన్న ఒక్క హెచ్.ఆర్. ఖన్నాకు 1977 జనవరిలో రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవిని ఆయన కన్నా జూనియర్ అయిన ఎం.హెచ్. బేగ్‌కు కట్టబెట్టారు. ఇంత జరిగాక మెత్తగా రాయకపోవడాన్ని అక్కసు అనడం నాకు వింతగా ఉంది. నీ వాక్యం ఘాటు ఆ వాదన ఘాటుకు మించలేదు.

సారు గీత గీయని మూడో పేజీలో ఉంది అసలు చిక్కు. "ఇన్ని ఘోరాలు చూసీ ఆమెకే ఓటేసిన తెలివిలేని జనం" అన్నావు. 1977లో దేశం మొత్తం మీద ఆమె పార్టీ ఓడినా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాల ఒక్కటే నీలం సంజీవరెడ్డితో జనతా పార్టీకి దక్కింది. అంటే మీ పాలమూరు, మా నల్లగొండ కూడా అటే నిలబడ్డాయి. తాత చేసిన అప్పుకు దొర ఇంట్లో జీతగాడుగా ఉన్నవాడికి, వెట్టిని రద్దు చేస్తూ 1975 అక్టోబరులో ఆర్డినెన్స్ వచ్చిందన్న కబురు చిన్నది కాదు. అది ఎంతవరకు అమలైందన్నది వేరే సంగతి, దాని మీద నువ్వు నిలదీయవచ్చు కూడా. కానీ ఉత్తరాదిలో లాగా బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దెబ్బ అంతగా తగలని చోట, పత్రికే చేరని ఇంట్లో, పత్రికల మీద పెట్టిన సెన్సారు సంగతి ఎవరికి తెలుస్తుంది? తమకు కనిపించినదాన్ని బట్టి లెక్క వేసుకున్న మనుషులను మూర్ఖులన్నప్పుడు, నాయకురాలి మీద కోపం కాస్తా పేదవాడి మీదికి మళ్లింది. ఈ జబ్బు ఇప్పటి నాయకుల మీద రాసేవాళ్లలో, అటువాళ్లలోనూ ఇటువాళ్లలోనూ, మరీ ముదిరింది.

"ఆమె పుట్టుకతోనే నియంత" అన్న మాట కూడా కొట్టెయ్యి. ఏ ఆధారం చూపినా అది వీగిపోదు, ఏ ఆధారంతోనూ నిలబడదు. 1977 జనవరిలో ఎన్నికలు ప్రకటించింది ఆమే, మార్చిలో ఓడిపోయాక దిగిపోయిందీ ఆమే. ఈ రెండు సంగతులూ నీ వ్యాసంలో ఎక్కడా లేవు. అవి చేర్చినంత మాత్రాన జైళ్లలో మగ్గినవాళ్ల కష్టం తగ్గదు, ఖన్నాకు జరిగిన అన్యాయం మాసిపోదు, నీ వాదన ఇంకా గట్టిపడుతుంది. వాటిని దాచావు గనుకనే సారుకు అక్కసు అనే అవకాశం దొరికింది.

మూడో పేజీ తిరగరాయి. ఆ ఎన్నికల్లో ఓటేసిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఇంకా కొందరు ఉంటారు; ఎందుకు వేశారో అడిగి, వాళ్లు చెప్పింది నీకు నచ్చకపోయినా వాళ్ల మాటల్లోనే రాయి. మొదటి పేజీలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా సారుకు మళ్లీ చూపించు.

ఇట్లు,
నీ పెద్దన్న